రాతి మొసలి నాలుక

లోయ అంచుకు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. పూర్ణగిరి యువరాజు ఉదయకేతుడు గుర్రం దిగి, అవతలి గట్టు వంక చూసి, "అబ్బ!" అన్నాడు. అంతకంటే పెద్ద మాట అతని దగ్గర లేదు. కత్తిసాములో అతనికి సాటి వచ్చేవాడు చుట్టుపక్కల రాజ్యాల్లో లేడు గానీ, మాటల్లోనూ లెక్కల్లోనూ మనవాడు అంతంతమాత్రమే.

అవతల తామ్రకోట ఎండలో భగభగలాడుతోంది. కొండను నిలువునా చెక్కి, దాని ఒళ్లంతా రాగి రేకులు తాపడం చేశారు. బురుజు బురుజు మీదా రెక్కలు విప్పిన గండభేరుండాలు, వాటి కళ్లల్లో గుమ్మడికాయలంత కెంపులు. గోడ సరిగ్గా లోయ అంచు నుంచే లేచింది. గోడకూ లోయకూ మధ్య పిల్లి నడవడానికైనా చోటు లేదు. గోడ నడుమ ఒకే ఒక ఇనుప తలుపు, దాని గడప కింద సన్నని గాడి. లోయ అడుగున గంధకపు నీళ్లు కుతకుత ఉడుకుతూ పసుపుపచ్చని ఆవిరి కక్కుతున్నాయి.

ఆ కోటలోనే యువరాజు చెల్లెలు కువలయ ఉంది. తామ్రాక్షుడనే మాంత్రికుడు గద్ద రూపంలో వచ్చి, ఉద్యానవనంలో పూలు కోస్తున్న పిల్లను తన్నుకుపోయాడు. ఆ మాంత్రికుడి అసలు ముఖం చూసినవాళ్లు ఎవరూ లేరు. మర్నాడే ఒక రాగి చిలుక రాజసభలో వాలి, మనిషి గొంతుతో పలికింది. కువలయకు పాదాల నుంచి రాగి ఎక్కుతోందనీ, అమావాస్య నాటి సూర్యుడు కుంకేలోగా ఆమె పాదం పూర్ణగిరి నేల మీద పడితే రాగి కరిగిపోతుందనీ, పడకపోతే కోట వాకిట మరో రాగి బొమ్మ నిలబడుతుందనీ చెప్పి ఎగిరిపోయింది. ఇవాళే అమావాస్య. లోయకు ఇవతలి గట్టు పూర్ణగిరి నేల. అంటే ఈ లోయ ఒక్కటి దాటి, పిల్లను దాటించి తీసుకొస్తే చాలు.

చెప్పినంత సులువైతే ఇక మాంత్రికుడెందుకు?

లోయ దాటడానికి ఉన్న ఒకే ఒక్క సాధనం ఇవతలి గట్టు మీద నోరు తెరుచుకుని పడుకుని ఉంది. అది ఏనుగంత రాతి మొసలి. దాని ముందరి కాళ్ల దగ్గర తుప్పు పట్టిన ముంజేతి కవచాలు కుప్పగా పడి ఉన్నాయి. వాటిలో చేతుల ఎముకలు అలాగే ఉన్నాయి. మొసలి నుదుటి మీద చెక్కిన అక్షరాలను యువరాజు పాలసోదరుడు భద్రముఖుడు గట్టిగా చదివాడు.

"'నా నోట పెట్టిన మణులెన్నో, వాటిని అన్నింటితోనే హెచ్చవేస్తాను. వచ్చినదాన్ని నూటిలోంచి తీసేస్తాను. మిగిలినదాని వర్గమూలం ఎంతో, అన్ని బారలు నాలుక చాపుతాను. నాలుక కొన అవతలి గాడిలో పడితే తలుపు తెరుచుకుంటుంది. నూటిలోంచి తియ్యడానికి వీల్లేనన్ని పెట్టినవాడి చెయ్యి నాది.'"

"బాగుంది. ఎన్ని పెట్టాలిరా భద్రా?" అన్నాడు ఉదయకేతుడు, అంతా విన్నవాడిలాగే.

ఇది వీళ్లిద్దరికీ చిన్ననాటి నుంచీ అలవాటు. భద్రముఖుడు యువరాజు దాది కొడుకు. ఒకే తల్లి పాలు తాగి, ఒకే గురుకులంలో చదువుకున్నారు. గురువు శంఖపాదుడు ప్రశ్న అడగగానే వెనక పీట వేసుకుని కూర్చున్న భద్రముఖుడు మెల్లగా జవాబు ఊదేవాడు, ముందు కూర్చున్న యువరాజు పైకి చెప్పేవాడు. అందరూ భేష్ అనేవారు. బయల్దేరేటప్పుడు ఆ గురువే తెల్లమణులూ నల్లమణులూ కలిపి ఒక సంచి భద్రముఖుడి చేతికిచ్చి, ఇద్దరి నెత్తినా చెయ్యి పెట్టి దీవించి పంపాడు.

భద్రముఖుడు అప్పటికే బాణానికి దారం కట్టి అవతలి గోడకు కొట్టి, దారం వెనక్కి లాగి కొలిచాడు. లోయ వెడల్పు సరిగ్గా పది బారలు.

"తెల్లమణులు ఆరు పెట్టు," అన్నాడు.

"ఆరైతే చాలా?"

"ఆరార్లు ముప్పై ఆరు. నూటిలోంచి పోతే అరవై నాలుగు. దాని మూలం ఎనిమిది. ఎనిమిది బారలు చాపుతుంది."

"లోయ పది బారలన్నావు కదరా?"

"నువ్వు నడిచే కొద్దీ మిగిలిన రెండూ సాగుతుంది. కింద సన్న అక్షరాల్లో రాసి ఉంది, కావాలంటే చూసుకో."

ఉదయకేతుడు చూసుకోలేదు. భద్రముఖుడు చదివాడంటే తను చదివినట్టే. మణులు ఆరూ తీసుకుని మొసలి నోట్లో చెయ్యి పెట్టాడు. లోపల ఏదో గరగర తిరిగింది. నోట్లోంచి ఎర్రని రాతి నాలుక, మనిషి నడిచే వెడల్పున, లోయ మీదికి సాగి ఆగింది. యువరాజు కత్తి సర్దుకుని, "చెల్లాయ్, వస్తున్నా!" అని ఒక్క కేక వేసి నాలుక మీదికి ఉరికాడు.

కింద ఆవిరి, కాళ్ల కింద నున్నని రాయి. గబగబా కొన దాకా వెళ్లాడు. నాలుక సాగలేదు. ఒక అడుగు అటూ ఒక అడుగు ఇటూ వేసి చూశాడు. ఊహూఁ.

"భద్రా! ఇది సాగడం లేదురా!"

భద్రముఖుడు సంచిలోంచి మరో నాలుగు తెల్లమణులు తీశాడు. సాయం చేస్తున్నాడనుకుని ఉదయకేతుడు సంతోషించాడు కూడా. "అదీ! పెట్టు, పెట్టు, తొందరగా!" అన్నాడు.

ఆరుకు నాలుగు కలిస్తే పది. పదిపదులు నూరు. నూటిలోంచి నూరు పోతే ఇక నాలుకకు మిగిలేదేముంది? గొళ్లెం పడినట్టు టక్కున శబ్దమై, నాలుక మొత్తం, మీదున్న యువరాజును ఇవతలి గట్టు దాకా ఈడ్చుకొస్తూ, మొసలి నోట్లోకి వెళ్లిపోయింది. యువరాజు కాళ్ల కింద గాలి తప్ప మరేమీ లేదు.

పడ్డాడు. నిలువునా పడ్డాడు. ఆవిరి కళ్లను మండించింది. చేతులు గాలిలో ఆడించాడు. రాతి చీలికలోంచి మొలిచిన జువ్వి మొక్క వేరు ఒకటి అరచేతికి తగిలింది. పట్టుకున్నాడు. భుజం ఊడివచ్చినంత పనైంది, అయినా వదల్లేదు. ఎలాగో కాలు పైకి లాక్కుని, చాపంత రాతి అరుగు మీద పడి, ఎగశ్వాస దిగశ్వాస తీసుకున్నాడు.

పైకి చూస్తే నాలుక మళ్లీ సాగుతోంది. ఈసారి ఎనిమిది దగ్గర ఆగలేదు. సాగి సాగి అవతలి గాడిలో ఠంగుమని పడింది. ఇనుప తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. నాలుక మీద భద్రముఖుడు నింపాదిగా నడుస్తున్నాడు. మణుల సంచి అతని నడుముకు వేలాడుతోంది.

"భద్రా! ఇక్కడున్నానురా! తాడు వెయ్యి!"

భద్రముఖుడు ఆగి కిందికి వంగి చూశాడు. "బతికే ఉన్నావా?"

"ఉన్నాను! పొరపాటున నాలుగెక్కువ పెట్టావు. ఏం ఫరవాలేదులే, తాడు వెయ్యి!"

"పొరపాటు కాదు, యువరాజా."

ఉదయకేతుడికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాలేదు అనడం కంటే, అర్థం చేసుకోవడానికి మనసొప్పలేదు అనడం సబబు.

"వెనకాల కూర్చుని జవాబులు చెప్పింది నేను. దండలు పడింది నీ మెడలో," అన్నాడు భద్రముఖుడు. గొంతులో కోపం కూడా లేదు, పాఠం అప్పజెబుతున్నట్టుంది. "మా అమ్మ తన పాలు ముందు నీకిచ్చి, మిగిలితే నాకిచ్చింది. రేపు సింహాసనం కూడా నీదేనట. తామ్రాక్షుడు నాకు దాన్ని ఇస్తానన్నాడు. ఇప్పుడు నీ వెనకాల ఎవరూ లేరు. ఒక్క లెక్క, ఒకే ఒక్క లెక్క సొంతంగా చేసుకో, చూద్దాం."

అని తలుపులోకి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది. నాలుక లోపలికి పోయింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది యువరాజు పని. అతనికి ఏడుపు వచ్చింది. కత్తి దెబ్బలకు ఎన్నడూ కన్నీరు పెట్టనివాడు ఆ అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంత ఒడుపుగా తడిగుడ్డతో గొంతు కోసే విద్య వాడు ఎప్పుడు నేర్చాడు? నిన్న రాత్రి ఒకే కంబళి కప్పుకుని పడుకున్నారే!

ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. బండ సందులోంచి కోడెదూడంత ఉడుము బుస్సుమంటూ వచ్చింది. దాని నాలుక యువరాజు చెంపను తాకింది. ఉదయకేతుడు పక్కకు దొర్లి, కత్తి దూయబోయి, ఆగి, నడికట్టు విప్పాడు. ఉడుము మీద పడగానే దాని నడుముకు ఆ గుడ్డ బిగించి, తోక మీద కత్తి వెనక భాగంతో ఒక్కటిచ్చాడు. అది బెదిరి గోడ పట్టుకుని పైకి పరుగెత్తింది. నడికట్టు కొస పట్టుకుని యువరాజు దాని వెంట ఈడ్చుకుపోయాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి, మోచేతులు చెక్కుకుపోయాయి, తల రెండు చోట్ల బొప్పి కట్టింది. గట్టు అంచు అందగానే నడికట్టు వదిలేశాడు. ఉడుము తన దారిన తాను పోయింది.

ఇవతలి గట్టు మీద రాతి మొసలి నోరు తెరుచుకుని అలాగే ఉంది. దాని నోట్లో వేసిన పది మణులూ లేవు, వాటినీ భద్రముఖుడు తీసుకుపోయాడు. ఉన్న కోపమంతా కూడగట్టి కత్తితో దాని తల మీద బాదాడు. కత్తి అంచు విరిగింది గానీ మొసలికి గీత కూడా పడలేదు. సూర్యుడు కోట బురుజుల మీదికి దిగుతున్నాడు. లోపల చెల్లెలికి రాగి ఎంతదాకా ఎక్కిందో!

కూర్చున్నాడు. గురువు పాఠం ఒకటి గుర్తుకొచ్చింది. చెప్పినప్పుడు సగం నిద్రలో విన్నదే అయినా, ఆ సగం ఇప్పుడు అక్కరకొచ్చింది. ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా ముందు రెండు సంగతులు తేల్చుకోమన్నాడు శంఖపాదుడు. ఏమేమి పెడితే అది పుచ్చుకుంటుందో అది దాని ప్రదేశం. పుచ్చుకుని ఏమేమి ఇవ్వగలదో అది దాని వ్యాప్తి. ఈ రెండూ తెలియకుండా నియమాన్ని వల్లించేవాడు, వంటిల్లు ఎక్కడుందో తెలియకుండా వడ్డనకు కూర్చున్నవాడే.

ఉదయకేతుడు బాకు మొనతో ఇసుకలో గీసుకోవడం మొదలుపెట్టాడు. ముందు ప్రదేశం. పది పెడితే పదిపదులు నూరు, నూటిలోంచి తియ్యవచ్చు. పదకొండు పెడితే నూట ఇరవై ఒకటి. నూటిలోంచి తీస్తే వచ్చేదానికి వర్గమూలం ఎక్కడుంది? లేదు. అందుకే ఆ కవచాలు, ఆ ఎముకలు. పాపం, ఎక్కువ పెడితే ఎక్కువ సాగుతుందనుకున్నారు. నల్లమణుల సంగతీ అంతే. నల్లది అప్పు లాంటిది, ఒకటి పెడితే లెక్కలో ఒకటి తక్కువే గానీ, నల్లదాన్ని నల్లదానితో హెచ్చవేస్తే తెల్లదే వస్తుంది. కనక పది నల్లవాటి నుంచి పది తెల్లవాటి దాకా మొసలి పుచ్చుకుంటుంది, అవతలికి పోతే కొరుకుతుంది.

ఇక వ్యాప్తి. పది పెడితే నాలుక బయటికే రాదు. అది ఒంటికి అనుభవమైన పాఠమే. ఎనిమిది పెడితే ఆరు బారలు. ఆరు పెడితే ఎనిమిది. పెట్టేది తగ్గే కొద్దీ నాలుక పెరుగుతోంది! ఒకటి పెడితే? నూటిలోంచి ఒకటి పోతే తొంభై తొమ్మిది. దాని మూలం పదికి నాలుగైదు వేళ్లు తక్కువ. గాడిలో పడదు, తలుపు తెరుచుకోదు. మణిని పగలగొట్టి అర ముక్క పెట్టినా ఇంకాస్త దగ్గరికి వస్తుందే గానీ పడదు. పది బారలూ రావాలంటే నూరు నూరుగానే మిగలాలి. నూరు నూరుగా మిగలాలంటే అందులోంచి తీసేది ఏమీ ఉండకూడదు.

బాకు చేతిలోంచి జారింది. ఒళ్లంతా చెమట పట్టింది.

ఎందుకు పట్టదు? పూర్ణగిరిలో పుట్టినవాడు కదా. మన ఇళ్లల్లో బియ్యం అయిపోతే 'లేవు' అనకుండా 'నిండుకున్నాయి' అనడం ఎక్కడైనా ఉన్నదే. పూర్ణగిరివాళ్లు ఆ పట్టింపును ఆకాశానికెత్తారు. వాళ్ల లెక్క ఒకటితో మొదలవుతుంది. సున్న అన్న మాట ఎవరి నోటా రాదు. తాంబూలంలోకి వేసుకునే సున్నాన్ని కూడా 'తెల్లపూత' అంటారు. గుడిలోనైనా, రాజు ముందైనా, యంత్రం ముందైనా ఉత్త చెయ్యి చాపడం ఇల్లు కూల్చే పాపం. ఉత్త చెయ్యి చాపినవాడి వంశం ఉత్తదవుతుందని ఉగ్గుపాలతో నేర్పుతారు. చివరికి పూచికపుల్లైనా చేత్తో పట్టుకోకుండా ఎవరూ ఎవరి గడపా తొక్కరు.

భద్రముఖుడు మణులన్నీ ఎందుకు ఎత్తుకుపోయాడో యువరాజుకు అప్పుడు తట్టింది. తను నెత్తి బాదుకుంటాడే గానీ ఉత్త చెయ్యి పెట్టడని వాడి ధీమా.

ఉదయకేతుడు లేచాడు. "నా వంశమే ఆ కోటలో రాగైపోతోంది. ఇంకా పోయేదేముంది?" అని పైకే అన్నాడు. కుడిచెయ్యి చాపాడు. కళ్లు మూసుకుని, ఉత్త చేతిని మొసలి నోట్లో పెట్టి, "సున్న," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నాడు.

ఆకాశం విరిగి పడలేదు. పిడుగూ పడలేదు. నాలుక సాగింది, సాగింది, అవతలి గాడిలో ఠంగుమని పడింది. తలుపు తెరుచుకుంది. యువరాజు ఒక్క పరుగున దాటి లోపల పడ్డాడు. వెనక తలుపు మూసుకుంది.

లోపల రాగి పలకలు పరిచిన విశాలమైన ముంగిలి. చుట్టూ రాగి చెట్లు, రాగి కొమ్మల మీద రాగి చిలుకలు, మధ్యలో నీళ్లకు బదులు పాదరసం చిమ్మే జలయంత్రం. వరసగా నిలబెట్టిన రాగి మనుషులు, ఒకడు నవ్వుతూ, ఒకడు చేతులు జోడిస్తూ, అందరూ ఒకప్పుడు ప్రాణమున్నవాళ్లే. ఆ బొమ్మల వెనక నక్కి ఉదయకేతుడు చెవి ఒగ్గాడు.

"మీ రాక కోసమే ఇంతసేపూ కాచుకున్నాను. యువరాజు లోయలో ఉన్నాడు స్వామీ," అంటున్నాడు భద్రముఖుడు. "బతికి పైకొచ్చినా ఇటు రాలేడు. మణులన్నీ తెచ్చేశాను."

"అన్నీనా? వాడి చేతిలో ఒక్కటీ మిగల్చకుండానా?"

"ఒక్కటీ లేదు స్వామీ."

"ఓరి తెలివితక్కువ దద్దమ్మా! నాలుగు మణులు పడేసి వస్తే రోజంతా వాటితో కుస్తీ పట్టేవాడు. ఉత్త చేతులు మిగిల్చి వచ్చావు!"

ఆ గొంతు వినగానే యువరాజు ముందున్న రాగి బొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. అది ఎవరో తెలియని మాంత్రికుడి గొంతయితే భయపడేవాడు కాదు. అది తన చేత ఇసుకలో ఓనమాలు దిద్దించిన గొంతు. బొమ్మల వెనకనుంచి బయటికి వచ్చాడు. ఎదురుగా రాగి సింహాసనం మీద, అదే కావిరంగు ధోవతితో, అదే తెల్లగడ్డంతో, గురువు శంఖపాదుడు కూర్చుని ఉన్నాడు.

"చూశావా భద్రా, వచ్చేశాడు," అన్నాడు గురువు, పాఠానికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి చూపించినట్టు. "రా నాయనా. ప్రదేశం, వ్యాప్తి రెండూ తేల్చుకుని వచ్చావన్నమాట. ఇన్నాళ్లకు ఒక్క లెక్క చేశావు."

"మీరా గురుదేవా? మీరేనా తామ్రాక్షుడు?"

"నేనే. మీ ముత్తాత నన్ను ఈ లోయ అవతలికి తరిమేశాడు. ఈ కోట కట్టుకున్నాను. నేను ఎగిరి వస్తాను గానీ, నా శిష్యులు రావడానికి దారి కావాలి కదా, అందుకని ఆ మొసలిని చెక్కాను. శత్రువులకు మాత్రం పది బారలు రాకూడదు. యంత్రానికి అది నేర్పడం నా వల్ల కాలేదు. నియమం నియమమే, ఎవరు పెట్టినా ఒకటే ఇస్తుంది. సరే, యంత్రాన్ని వదిలేసి మనుషుల్ని మారుద్దామనుకున్నాను. ఒక్కో తరంలో ఒక్కో రూపంతో మీ బడుల్లో చేరి, సున్న అశుభమని, ఉత్త చెయ్యి పాపమని నేర్పాను. మీ తాతలు నమ్మారు. మీ నాన్న దాన్ని చట్టం చేశాడు. నా కోటకు కాపలా ఎవరనుకున్నావు? మీ రాజ్యమంతా నాకు కాపలాయే."

"మా ఇంట అన్నం తిన్నారు. మా అమ్మ మీ కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంది. నేను మిమ్మల్ని దేవుడనుకున్నాను!" అన్నాడు ఉదయకేతుడు. "చదువు చెప్పినట్టే చెప్పి, అందులోనే విషం పెట్టారా?"

"చదువు చెప్పాను. ఎంత చెప్పాలో అంత చెప్పాను."

యువరాజు మొండికత్తితోనే మీదికి దూకాడు. భద్రముఖుడు అడ్డొచ్చి ఖడ్గం ఎత్తాడు. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఖణేల్ ఖణేల్ మని నిప్పురవ్వలు లేచాయి. భద్రముఖుడు రెండు వేట్లు కాచుకున్నాడు, మూడో దెబ్బకు వాడి ఖడ్గం ఎగిరి పాదరసంలో పడింది. ఉదయకేతుడు వాడి గుండెల మీద మోకాలు వేసి, కత్తి గొంతుకు ఆనించి, ఆగాడు. చంపడానికి చెయ్యి రాలేదు. ఆ ముఖం తన ముఖం కంటే తనకు ఎక్కువ తెలుసు.

"నువ్వు ఆగితే నేను ఆగాలా?" అని గురువు వంగి, ఒక్క వేలితో భద్రముఖుడి నుదురు తాకాడు.

"స్వామీ! సింహాసనం ఇస్తానన్నారు..."

"ఇస్తానన్నాను. లెక్కలు వచ్చినవాడు సింహాసనం ఎక్కితే, నాకు కాపలా ఎవరు కాస్తారు?"

రాగి తల నుంచి కిందికి పాకింది. భద్రముఖుడు యువరాజు మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఉదయా, నన్ను..." అన్నాడు. ఆ మాట అక్కడే గడ్డకట్టింది. ఉదయకేతుడు ఆ రాగి వేళ్లను ఒక్కొక్కటే విడదీసుకోవాల్సి వచ్చింది. ద్రోహే కావచ్చు, పాలు పంచుకున్నవాడు. లేచి చూసేసరికి గురువు లేడు. సింహాసనం మీదనుంచి ఒక పెద్ద గద్ద లేచి, బురుజు మీది గండభేరుండం నెత్తిన వాలింది.

"అన్నయ్యా!"

సింహాసనం వెనక కువలయ నిలబడి ఉంది. పాదాల నుంచి మెడ దాకా రాగి. ముఖం ఒక్కటే మనిషి ముఖం. యువరాజు ఆమెను భుజాన వేసుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాడు. తలుపుకు లోపల గడియ లేదు, గొళ్లెం లేదు, పట్టుకోవడానికి చీలిక కూడా లేదు.

"అది అటువైపు నుంచే తెరుచుకుంటుంది," అంది కువలయ. "మొసలి నాలుక పడితేనే. అటు ఎవరైనా ఉత్త చెయ్యి పెట్టాలి అన్నయ్యా. మన రాజ్యంలో ఎవరు పెడతారు?"

అంతలో లోయ అవతల బూరల మోత వినిపించింది. పూర్ణగిరి బూరలే! ఉదయకేతుడు చెల్లెల్ని మోసుకుంటూ మెట్లన్నీ ఎక్కి బురుజు పైకి చేరాడు. అవతలి గట్టు మీద గుర్రాలు, జెండాలు. అందరికంటే ముందు, కిరీటం లేకుండా, దుమ్ము కొట్టుకుపోయిన గడ్డంతో మహారాజు విశాలకీర్తి. అతని చేతుల్లో బంగారు పళ్లెం. పళ్లెం నిండా, అంచులు దాటి ఒలికిపోయేటన్ని తెల్లమణులు.

"నాన్నగారు!" యువరాజు ఆనందం ఒక్క రెప్పపాటు నిలిచింది.

"ఆయనకు మణులిచ్చి పంపింది కూడా నేనే," అంది గద్ద, గురువు గొంతుతో. "బిడ్డల మీద ప్రేమ ఎంతుందో దోసిలి అంత నిండాలని చెప్పాను. పెద్దమనిషి, గురువు మాట జవదాటడు."

మహారాజు మొసలి ముందు మోకరిల్లాడు. పళ్లెం దించి, చేతులు మణుల్లో ముంచాడు.

"నాన్నగారూ! ఆగండి! అన్ని పెట్టకండి! పది దాటితే చేతులు పోతాయి!" అని అరిచాడు ఉదయకేతుడు. కింద ఉడికే నీళ్ల హోరులో సగం మాటలు కొట్టుకుపోయాయి. రాజు తలెత్తి చూశాడు. కొడుకునూ కూతుర్నీ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "వస్తున్నా నాయనా! అన్నీ తెచ్చాను, అన్నీ పెట్టేస్తాను!"

"వద్దు! ఉత్త చెయ్యి పెట్టండి! ఉత్త చెయ్యి! సున్న, నాన్నగారూ, సున్న!"

ఆ మాట మాత్రం హోరును చీల్చుకుని అవతలికి చేరింది. జెండాలు పట్టినవాళ్లు జెండాలు వదిలేసి చెవులు మూసుకున్నారు. ఒకడు గుర్రం మీదనుంచి దిగి నేల మీద ఉమ్మాడు. మహారాజు ముఖం పాలిపోయింది.

"వాడు నా కొడుకు కాదు," అన్నాడు. "నా కొడుకు నోట ఆ మాట రాదు. మాంత్రికుడు నా బిడ్డ గొంతు దొంగిలించాడు!"

"నాన్నా, నేను కువలయను! అన్నయ్య చెప్పేది నిజం! సున్న..." అంటూండగానే రాగి ఆమె పెదవుల మీదికి పాకింది. కళ్లు మాత్రం తండ్రి వంక చూస్తున్నాయి. సూర్యుడు కోట గోడ వెనక్కి సగం జారాడు.

కూతురి నోటా అదే మాట విని మహారాజు చలించిపోయాడు. పిల్లలిద్దర్నీ ఏ పిశాచమో పట్టిందని ఖాయం చేసుకున్నాడు. ఒక్క గుప్పెడు చాలదనుకున్నాడు కాబోలు, "తల్లీ, నీ నాన్న దగ్గర ఏ కొరతా లేదే!" అని ఏడుస్తూ, రెండు చేతులా దోసిలి నింపుకుని, మోచేతుల దాకా మొసలి నోట్లో పెట్టాడు.